తీగ చివర ప్రింటర్

నెలాఖరు రోజు ఒక చిన్న ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. “ప్రింట్ కొడుతుంటే రావట్లేదు సార్. నిన్నటిదాకా బాగానే ఉంది.” నేను వెళ్లేసరికి అకౌంట్స్ మేడమ్ జీతాల స్టేట్‌మెంటుకి తొమ్మిదోసారి ప్రింట్ ఇస్తున్నారు. ప్రింటర్‌లో పచ్చ లైటు వెలుగుతోంది, ట్రే నిండా కాగితాలున్నాయి. కంప్యూటర్ మాత్రం ‘ఆఫ్‌లైన్’ అంటోంది.

ఇలాంటప్పుడు నేను ముందు కంప్యూటర్ జోలికి వెళ్లను. ప్రింటర్ మెనూలోంచి కాన్ఫిగరేషన్ పేజీ తీస్తాను. ఆ పేజీ శుభ్రంగా బయటికొస్తే యంత్రం బాగున్నట్టే, తేడా దారిలో ఉన్నట్టే. పేజీ మీద చిన్న అక్షరాల్లో ఉండే ఒక్కో వరుస వెనక ఒకరి పట్టుదల ఉంది. ఆ కథ తెలిసినవాళ్లకి రిపేరు సగం తెలిసినట్టే.

మన వీధుల్లో ఏ కాగితానికి నకలు తీసినా ‘జిరాక్స్’ అనే అంటాం. ఈ కథ మొదలైంది కూడా ఆ కంపెనీలోనే. న్యూయార్క్ రాష్ట్రంలోని వెబ్‌స్టర్‌లో జిరాక్స్ ఇంజనీరు గ్యారీ స్టార్క్‌వెదర్‌కి 1960ల చివర్లో ఒక ఆలోచన వచ్చింది. కాపీ యంత్రంలో అసలు కాగితం మీద పడ్డ వెలుతురు డ్రమ్ము మీద బొమ్మగా పడుతుంది. అసలు కాగితమే లేకుండా, కంప్యూటర్ చెప్పినట్టు ఒక లేజర్ కిరణం ఆ డ్రమ్ము మీద గీస్తే? లేజర్లు చాలా ఖరీదని పైవాళ్లు వద్దన్నారు. ఆయన వదల్లేదు. 1971లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోకి, జిరాక్స్ కొత్తగా పెట్టిన పరిశోధన కేంద్రం ‘పార్క్’కి మారారు. ఆ ఏడాది చివరికల్లా ఒక కాపీ యంత్రానికి లేజర్‌నీ తిరిగే అద్దాన్నీ బిగించి పనిచేయించారు. అది సెకనుకి ఒక పేజీ చొప్పున, అంగుళానికి 500 చుక్కలతో అచ్చువేసేది.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, పదకొండు అంగుళాల పొడవున్న పేజీలో అంగుళానికి 500 చుక్కలంటే మొత్తం దాదాపు 2 కోట్ల 34 లక్షల చుక్కలు. సెకనుకి 300 బిట్లు మోసే టెర్మినల్ తీగ మీద వాటిని పంపితే ఒక్క పేజీకి 21 గంటలు దాటుతుంది. అదే కేంద్రంలో తయారవుతున్న ఆల్టో కంప్యూటర్లన్నీ ఈ ఒక్క ప్రింటర్‌నే పంచుకోవాలి. వాటిని కలిపే పని బాబ్ మెట్‌కాఫ్‌కి అప్పగించారు. హవాయిలో రేడియో తరంగాల మీద నడిచిన అలోహా నెట్‌వర్క్‌ నుంచి స్ఫూర్తి పొంది, ఆయన 1973 మే 22న ఒక మెమో రాశారు. అందులో వర్ణించిందే ఈథర్‌నెట్. డేవిడ్ బాగ్స్‌తో కలిసి దాన్ని సెకనుకి 29 లక్షల 40 వేల బిట్ల వేగంతో నడిపించారు. ఈ రోజు మన ఆఫీసుల్లో గోడ వెంబడి పాకే తీగకి మూలం అదే. దాన్ని పుట్టించిన అవసరాల్లో ప్రింటర్ ముందు వరసలో ఉంది.

ఆ వేగంతో కూడా చుక్కలన్నీ పంపాలంటే పేజీకి దాదాపు ఎనిమిది సెకన్లు. ప్రింటర్ ఏమో సెకనుకో పేజీ అడుగుతుంది. అందుకని ‘ఫలానా అక్షరం ఫలానా చోట’ అన్న సమాచారం మాత్రమే తీగ మీద పంపి, చుక్కలు పేర్చే పనిని ప్రింటర్ పక్కన పెట్టిన ఒక ప్రత్యేక పెట్టెకి అప్పగించారు. రాన్ రైడర్, బట్లర్ లాంప్సన్ దాన్ని తయారుచేశారు. పంపేవాడు వర్ణిస్తాడు, ప్రింటర్ గీస్తుంది అన్న ఈ పని విభజనే ఈనాటి డ్రైవర్‌కి పునాది. పార్క్ నుంచి బయటికొచ్చిన జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ 1982లో అడోబీ పెట్టి, ఆ వర్ణనకి పోస్ట్‌స్క్రిప్ట్ అనే భాషనిచ్చారు. 1985లో ఆపిల్ లేజర్‌రైటర్ ఆ భాషతోనే వచ్చింది. దాని ధర 6,995 డాలర్లు. అంత ఖరీదైనదాన్ని ఒక్కరి బల్లకి కట్టేయలేం కనుక, పదిమందీ వాడుకునేలా నెట్‌వర్క్ సదుపాయంతోనే అమ్మారు. ఇప్పటికీ డ్రైవర్ తప్పు పడితే, ఒక ఉత్తరానికి బదులు శాతం గుర్తు, ఆశ్చర్యార్థకం, ‘పీఎస్’ అనే అక్షరాలతో మొదలై అర్థంకాని రాతతో పేజీలకి పేజీలు వస్తాయి. తనకి రాని భాషని ప్రింటర్ అక్షరం పొల్లుపోకుండా అచ్చువేసేస్తుందన్నమాట. అప్పుడు చూడాల్సింది డ్రైవర్‌ని, తీగని కాదు.

నెట్‌వర్క్ వచ్చాక ప్రింటర్ ఇంకో గదికో ఇంకో అంతస్తుకో వెళ్లింది. కాగితం ఇరుక్కుంటే ప్రింట్ ఇచ్చినవాడికి తెలిసేదెలా? ఎమ్‌ఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్ దానికొక మార్గం చూశారు. పాత ప్రింటర్ సాఫ్ట్‌వేర్‌ని మార్చి, జామ్ అయినప్పుడు ఎదురుచూస్తున్న వాళ్లందరి తెరల మీదా కబురు వచ్చేలా చేశారు. ఎవరో ఒకరు లేచి వెళ్లి సరిచేసేవారు. 1980 ప్రాంతంలో వచ్చిన కొత్త లేజర్ ప్రింటర్‌కి సోర్స్ కోడ్ ఇవ్వలేదు. వేరే విశ్వవిద్యాలయంలో ఆ కోడ్ ఉన్న ఒకరిని అడిగితే, ఎవరికీ ఇవ్వనని మాటిచ్చానన్నారు. ఆ నిరాకరణ స్టాల్‌మన్ మనసులో నాటుకుపోయింది. 1983లో ఆయన ప్రకటించిన గ్నూ ప్రాజెక్టుకీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికీ దారితీసిన అనుభవాల్లో ఇదొకటి. ప్రింటర్ నుంచి కబురు తిరిగి వచ్చేలా, ప్రింటరూ కంప్యూటరూ రెండు వైపులా మాట్లాడుకునే ఐపీపీ ప్రమాణం 1999లో తొలిరూపం దాల్చింది. కాన్ఫిగరేషన్ పేజీ మీద 631 అనే పోర్టు నంబరు కనిపిస్తే అది దానిదే.

మిగిలింది చిరునామా. ఆపిల్ సొంత నెట్‌వర్క్ పద్ధతి ఆపిల్‌టాక్ రోజుల్లో ప్రింటర్ తన పేరు తనే చెప్పుకునేది, జాబితాలో ఎంచుకుంటే సరిపోయేది. ఐపీ నెట్‌వర్కులు వచ్చాక ఆ సుఖం పోయి నంబర్ల గొడవ మొదలైంది. ఇంజనీరు స్టూవర్ట్ చెషైర్ ఆ పాత సౌలభ్యాన్ని ఐపీలోకి తేవాలని పూనుకున్నారు. 2002లో ఆపిల్ దాన్ని రాండెవూ పేరుతో విడుదల చేసింది. తర్వాత దాని పేరు బోంజూర్ అయింది. చిరునామా ఇచ్చేవాళ్లు లేకపోతే యంత్రం తనంతట తాను 169.254తో మొదలయ్యే నంబరు పెట్టుకునే పద్ధతి కూడా ఆ కృషిలో భాగమే. మీ పేజీ మీద ఆ నంబరుంటే ప్రింటర్ బాగానే ఉంది, చిరునామా కోసం అది అడిగిన మాట రౌటర్‌కి వినపడలేదని అర్థం. తీగ సరిగా గుచ్చారో లేదో చూడండి.

ఆ ఆఫీసు పేజీ మీద 192.168.1.50 అని ఉంది. కంప్యూటర్ చిరునామా చూస్తే 192.168.0తో మొదలైంది. “ఈమధ్య ఏమైనా మార్చారా?” అన్నాను. “రాత్రి నెట్ వాళ్లు వచ్చి కొత్త రౌటర్ పెట్టి వెళ్లారు సార్” అన్నారు మేడమ్. ఇల్లు మారిపోయినా ప్రింటర్ పాత డోర్ నంబరు పట్టుకుని కూర్చుంది. దాన్ని ఆటోమేటిక్‌కి మార్చి, ఇకముందు అదే చిరునామా దక్కేలా రౌటర్‌లో రిజర్వు చేసి, కంప్యూటర్‌లో నంబరుతో కాకుండా పేరుతో మళ్లీ చేర్చాను. ముందుగా క్యూలోని తొమ్మిది స్టేట్‌మెంట్లలో ఎనిమిదింటిని తీసేశాను. లేకపోతే అన్నీ వరసగా వచ్చి పడేవి.

రెండు నిమిషాల్లో జీతాల కాగితం వెచ్చవెచ్చగా చేతికొచ్చింది. వెళ్లేముందు కొత్త కాన్ఫిగరేషన్ పేజీ ఒకటి తీసి, తేదీ వేసి, ప్రింటర్ పక్క గోడకి అంటించాను. ఈసారి ఆగిపోతే మళ్లీ అదే పేజీ తీసి దీనితో పోల్చమన్నాను. ఏ వరుస మారిందో చెప్పగలిగితే, ఏం చేయాలో నేను ఫోన్‌లోనే చెప్పేస్తాను.