రింగు కింద నిలబడే అమ్మాయి

సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఆటల గురించైతే బాగుంటుంది మేడం" అన్నారు. మన స్కూల్లో ఆటలంటే నా కాలపు ఆడపిల్లలకు గుర్తొచ్చేవి టెన్నికాయిట్, బాల్ బ్యాడ్మింటన్, కబడ్డీ. వాన పడితే డ్రిల్లు మాస్టారు తరగతిలోనే కూర్చోబెట్టి ఎక్కాలు అప్పజెప్పించుకునేవారు. బాస్కెట్‌బాల్ మన ఆవరణలో లేదు. దాన్ని కాలేజీకి వెళ్లాకే చూశాను. ఆ తర్వాత ఒక మహిళా కళాశాలలో ఫిజికల్ డైరెక్టరుగా దాదాపు 30 ఏళ్లు దానితోనే గడిపాను. ఆ 30 ఏళ్లలో ప్రతి జులై నెలా నా ముందుకొచ్చి నిలబడిన ప్రశ్న ఒక్కటే: కొత్తగా చేరిన పొడుగమ్మాయిల్లో రింగు కింద ఆడగలిగేది ఎవరు?

ఇప్పటి పిల్లలు పోస్ట్ ప్లేయర్ అంటున్నారు. మేం పివట్ అనేవాళ్లం. బోర్డుకు దగ్గరగా, చాలాసార్లు రింగుకు వీపు పెట్టి నిలబడి, వెనక ఒకమ్మాయి నెడుతుంటే కదలకుండా బంతి అందుకుని, ఒక పాదం నేలకు ఆన్చి తిరిగి వేసే మనిషి. ఎదుటివాళ్లు వేసిన బంతి తప్పితే దాన్ని అందుకోవలసిందీ ఆమే. జట్టులో ఈ ఒక్క స్థానానికే మనిషిని చూడగానే ఎంచేయవచ్చని అందరూ అనుకుంటారు. పొడుగుంటే చాలదా అంటారు. ఈ 'చాలదా' వెనక నూరేళ్లు దాటిన కథ ఉంది.

1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను కనిపెట్టాడు. పీచ్ పళ్ల బుట్టలు 10 అడుగుల ఎత్తున కట్టి, 13 నిబంధనలు రాశాడు. ఆ మరుసటి సంవత్సరమే అక్కడికి దగ్గర్లోని స్మిత్ కాలేజీలో సెండా బెరెన్సన్ అనే వ్యాయామ ఉపాధ్యాయిని దీన్ని అమ్మాయిలకు నేర్పింది. 1893 మార్చిలో వాళ్లు ఆడిన పోటీకి మగవాళ్లను లోపలికి రానివ్వలేదు. ఆడపిల్లలకు ఆయాసం రాకూడదు, తోపులాట ఉండకూడదు అన్నది ఆనాటి పట్టింపు. అందుకని ఆమె కోర్టును మూడు భాగాలు చేసి, ఎవరి భాగంలో వాళ్లే ఉండాలని గీతలు గీసింది. ఎదుటి మనిషి చేతిలోంచి బంతి లాక్కోకూడదు. తర్వాత మూడు భాగాలు రెండయ్యాయి. జట్టుకు ఆరుగురు, ముగ్గురు వేసేవాళ్లు, ముగ్గురు కాపు కాసేవాళ్లు, మధ్యగీత ఎవరూ దాటరు. ప్రపంచ మహిళా పోటీలు 1953లో చిలీలో మొదలైనప్పటికే అంతర్జాతీయంగా ఐదుగురి ఆట వచ్చేసింది గానీ, అమెరికా కాలేజీ అమ్మాయిలు తమలో తాము ఐదుగురితో కోర్టంతా ఆడటానికి 1971 దాకా ఆగాల్సి వచ్చింది. అయోవా రాష్ట్రపు హైస్కూళ్లలోనైతే ఆరుగురి ఆట 1993 వరకు నడిచింది.

ఆ సగం కోర్టు ఆటలో పొడుగమ్మాయిని అంచనా వేయడం తేలిక. రింగు కింద నిలబెట్టు, బంతి పైకి అందించు. ఆమె పరిగెత్తనక్కర్లేదు, వెనక్కి వచ్చి కాపు కాయనక్కర్లేదు. గీతలు చెరిగిపోయాయి గానీ, పొడుగమ్మాయి నిలబడితే చాలన్న మాట చెరగలేదు. 1990లలో కూడా మా సెలక్షన్ల దగ్గర ఈ మాట నా చెవిన పడుతూనే ఉండేది.

మగవాళ్ల ఆటలో దీనికి పూర్తిగా ఎదురు కథ ఒకటుంది. జార్జ్ మైకన్ 6 అడుగుల 10 అంగుళాల కుర్రాడు, కళ్లద్దాలు. నోట్రడేమ్‌లో పరీక్షకు వెళితే మొరటుగా కదులుతున్నాడని తిప్పి పంపారు. షికాగోలోని డిపాల్ యూనివర్సిటీలో రే మేయర్ అనే కొత్త కోచ్ అతన్ని 1942లో చేతికి తీసుకుని తాడాట ఆడించాడు, బాక్సింగ్ సాధన చేయించాడు, డ్యాన్సు కూడా నేర్పించాడు. రింగుకు ఇటు ఒకటి, అటు ఒకటి, కుడిచేత్తో ఎడంచేత్తో ఆపకుండా వేయించాడు. ఆ సాధనను ఈనాటికీ మైకన్ డ్రిల్ అంటారు. మా కోర్టులో మొదటి నెల అదే. ఆ కుర్రాడు ఎంతవాడయ్యాడంటే, రింగులోకి దిగుతున్న బంతిని చేత్తో ఆపకూడదని 1944లో అమెరికా కాలేజీల్లో నిబంధన పెట్టారు. 1951లో అక్కడి ప్రొఫెషనల్ లీగు రింగు కింది గడిని 6 అడుగుల నుంచి 12 అడుగులకు వెడల్పు చేసింది. ఆ గడిలో మూడు సెకండ్లకు మించి నిలబడకూడదు కాబట్టి, వెడల్పు పెరిగిన కొద్దీ పొడుగువాణ్ణి రింగుకు దూరం నెట్టినట్టే.

గడి మారినప్పుడల్లా పివట్‌ని చూసే చూపు మారవలసి వచ్చింది. మేం ఆడిన అంతర్జాతీయ కొలతల గడి కింద వెడల్పు, పైన సన్నం. 1956 నుంచి 2010 దాకా అదే. బోర్డు వైపు 6 మీటర్లు ఉండేది. అంటే గడి బయట నిలబడి బంతి అందుకున్న అమ్మాయి రింగుకు 3 మీటర్ల పక్కన ఉన్నట్టు. అక్కడి నుంచి ఒక అడుగు వేసి తిరిగే పాదం లేకపోతే ఆమె పొడుగు దేనికీ కొరగాదు. 2010లో గడిని 4.9 మీటర్ల దీర్ఘచతురస్రం చేశారు. అరమీటరు దగ్గరైంది. చూసేవాళ్లకు అరమీటరే, రింగు కింద నిలబడే పిల్లకు అదొక అడుగు. బంతీ మారింది. 2004 వరకు అంతర్జాతీయంగా అమ్మాయిలు కూడా మగవాళ్ల 7వ నంబరు బంతితోనే ఆడేవారు. ఆ తర్వాత 6వ నంబరు వచ్చింది. చుట్టుకొలతలో ఒక అంగుళం తగ్గిందంతే. కానీ పెద్ద బంతి రోజుల్లో "చేతులు చిన్నవి" అని పక్కన పెట్టిన పిల్లలాంటివాళ్లే కొత్త బంతిని ఒంటిచేత్తో లాగి పట్టుకోవడం నేను చూశాను.

ఇక మన వైపు ఈ ఆట ఎలా వచ్చిందంటే, స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదువుకున్న హెచ్.సి. బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాల పెట్టారు. 1953 దాకా మనదీ మద్రాసు రాష్ట్రమే కాబట్టి పాతతరం డ్రిల్లు మాస్టార్లలో అక్కడ చదివి వచ్చినవారుండేవారు. డెల్టాలో కోర్టు వేయడమే ఒక యజ్ఞం. మన నల్లమట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పైన గ్రావెల్ పోసి రోలరు లాగించేవాళ్లం. గ్రావెల్ మీద బంతి ఎటు లేస్తుందో తెలియదు. అందుకని మా అమ్మాయిలు డ్రిబ్లింగ్‌లో తక్కువ, అందించుకోవడంలో మేలు. పాదం తిప్పితే జారుతుంది, పడితే మోకాలి చర్మం ఊడుతుంది. కాబట్టి పివట్‌కు ప్రాణమైన ఆ తిరుగుడే మా వాళ్లకు భయం. సిమెంటు కోర్టు వచ్చిన ఏడాదే మా పివట్లు బాగుపడ్డారంటే నా శిక్షణ గొప్పని ఎవరూ అనుకోవద్దు.

పైగా మన దగ్గర పొడుగు అసలు దొరకదు, దొరికినా దాక్కుంటుంది. 5 అడుగుల 7 అంగుళాలుంటే మాకు పివట్టే. ఆ పిల్ల కూడా భుజాలు ముందుకు పడేసి వంగి నడుస్తూ వచ్చేది. ఇంట్లో మామ్మగారు "ఇంక ఎదగకే తల్లీ, నీకు సమానమైన కుర్రాణ్ణి ఎక్కడ తేవాలి" అంటూ ఉంటే వంగక ఏం చేస్తుంది? (ఇప్పుడైతే పి.వి. సింధును చూపించి మామ్మగార్ల నోరు మూయించవచ్చు. మా రోజుల్లో చూపించడానికి ఎవరూ లేరు.) మాస్కోలోనో మాంట్రియల్‌లోనో అయితే వేరు. 1976లో ఒలింపిక్స్‌లో మహిళల బాస్కెట్‌బాల్ మొదలైనప్పుడు సోవియట్ జట్టు తరఫున లాత్వియా అమ్మాయి ఉల్యానా సెమ్యోనొవా ఆడింది. సుమారు 7 అడుగులు. ఆ ఏడూ, 1980లోనూ బంగారం వాళ్లదే. కేరళ నుంచి 6 అడుగుల 2 అంగుళాల గీతు అన్నా జోస్ వచ్చింది. చంగనాచేరిలో కాలేజీ, తర్వాత దక్షిణ రైల్వేలో ఉద్యోగం, ఆస్ట్రేలియాలో క్లబ్బు ఆట, భారత జట్టు కెప్టెన్సీ. 2011లో అమెరికా మహిళా లీగు జట్లు ఆమెను పరీక్షకు పిలిచాయి. భిలాయ్‌లో రాజేశ్ పటేల్ అనే కోచ్ ఛత్తీస్‌గఢ్ పొడుగు పిల్లల్ని వెతికి తెచ్చి, దగ్గరుంచుకుని జాతీయ విజేతల్ని చేశారు. ఆయన 2018లో పోయారు. కేరళలోనైనా భిలాయ్‌లోనైనా ఆ పిల్లలు బడి వయసులోనే బంతి పట్టారు. మా దగ్గర చాలామంది మొదటిసారి బంతి ముట్టుకునేది డిగ్రీ మొదటి సంవత్సరంలో, 17 ఏళ్లకు.

చిక్కంతా అక్కడే. డిగ్రీ మూడేళ్లు. గార్డు ఆడే అమ్మాయి ఆరు నెలల్లో కంటికి ఆనుతుంది. బంతి ఎప్పుడూ ఆమె చేతిలోనే కదా ఉండేది. పివట్ ఆట వేరొకరు బంతి ఇస్తేగానీ మొదలవదు. సెలక్షన్ల రోజున 20 నిమిషాల ఆట పెడతారు. గార్డులు తమ ప్రతాపం చూపించుకోవడానికి దూరం నుంచే వేసుకుంటూ పోతారు. రింగు కింద పిల్ల చేతులెత్తి నిలబడి నిలబడి చివరికి "ఏమీ చేయలేదు" అనిపించుకుంటుంది. ఇది చూసి చూసి మా కాలేజీలో ఒక పద్ధతి పెట్టాను. బంతి ఒక్కసారైనా పివట్ చేతికి వెళ్లి రానిదే ఎవరూ వేయకూడదు. గార్డులు సణిగేవారు, సణగనీ.

నా దగ్గర ఒక పొడుగాటి లెడ్జరు పుస్తకం ఉండేది. అందులో అమ్మాయి ఎత్తు రాసేదాన్ని కాదు. గోడకు నిలబెట్టి, చెయ్యెత్తించి, వేలి కొన దగ్గర సుద్దతో గీత గీసి ఆ కొలత రాసేదాన్ని. 5 అడుగుల 8 అంగుళాల పిల్ల చేతులు సాగినవైతే, తనకన్నా రెండంగుళాలు పొడుగున్న పిల్ల కన్నా పైకి అందుతుంది. రెండో గడిలో పట్టు: పది పాసులు గట్టిగా విసిరితే ఎన్ని నిలిచాయి. మూడోది పాదం. ఇందులో మన కబడ్డీ పిల్లలకు సాటి లేరు. నడుము కిందికి దించి, తుంటితో ఎదుటి మనిషిని ఆపి నిలబడటం వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. త్రోబాల్ నుంచి వచ్చిన పిల్లలు చక్కగా పట్టుకుంటారు గానీ, ఒళ్లు తగిలితే పక్కకు తప్పుకుంటారు. పక్క నుంచి వేసిన బంతి తప్పితే చాలాసార్లు అవతలి పక్కకే పడుతుంది. చెప్పకముందే అటు వెళ్లి నిలబడే పిల్ల పేరు పక్కన ఒక చుక్క పెట్టేదాన్ని. నాలుగోది, షాట్ తప్పాక వెనక్కి ఎలా పరిగెత్తింది. ఐదోది ఫౌళ్లు.

ఫౌళ్ల గడి గురించి కొంచెం చెప్పాలి. 1990ల చివర్లో ఒక లంక గ్రామం నుంచి ఒకమ్మాయి చేరింది. తండ్రి కొబ్బరి దింపు పని. రోజూ పంటు దాటి వచ్చేది. మొదటి పంటు వచ్చేసరికే మా ఉదయం ప్రాక్టీసు అయిపోయేది. జట్టు 12 మందిలో ఉన్న పిల్లకు హాస్టలు సీటు, ఫీజు రాయితీ. లేకపోతే వానాకాలం వరదకు పంటు ఆగినన్నాళ్లూ చదువు ఆగినట్టే. కాబట్టి ఆ 12వ పేరు ఎవరిదన్నది ఆట వరకే ఆగే మాట కాదు. సెలక్షన్ కమిటీలో ఒకాయన "బరువు మనిషండీ, కదలదు, ప్రతిసారీ ఫౌలే" అన్నారు. నిజమే, ఐదు ఫౌళ్లూ అయిపోయి బయట కూర్చుంది. నేను పుస్తకం తీసి చూపించాను. ఐదింటిలో నాలుగు, తనకన్నా ముందు వెళ్లి నిలబడిన పిల్లను వెనక నుంచి తాకినవి కావు. బంతి పడే చోటికి తనే ముందు వెళ్లి, పైనుంచి చెయ్యి దించినవి. స్థలం తెలిసిన పిల్ల ఆమె, చెయ్యి ఎక్కడ ఆపాలో తెలియదు. చెయ్యి నేర్పవచ్చు, స్థలం నేర్పడానికి మూడేళ్లు చాలవు. అరగంట వాదన జరిగింది. 12వ పేరు ఆమెదే అయింది.

మొదటి ఏడాది ఆమె ఆడిందీ తక్కువే, వేసిందీ తక్కువే. రెండో ఏడాది ఫౌళ్లు రెండుకు, మూడుకు దిగాయి. మూడో ఏడాది యూనివర్సిటీ జట్టుతో దక్షిణ మండల పోటీలకు వెళ్లింది. అక్కడ తనకన్నా అరడుగు పొడుగున్న అమ్మాయి ముందు నిలబడి చిత్తుగా ఓడి వచ్చి, "ఆవిడ మోకాళ్లు వంచదండి మేడం, అక్కడ దొరుకుద్ది" అంది. ఆ మాట విన్నాక ఆమె బి.పి.ఎడ్. అప్లికేషను నేనే తెప్పించాను.

ఇప్పుడామె ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయిని. నేను రిటైరయ్యాక ఆ లెడ్జరు పుస్తకం ఆమె పట్టుకెళ్లింది. ఈ మధ్య చూపించింది. నేను గీసిన ఐదు గడుల పక్కన ఎర్ర సిరాతో ఆరోది గీసుకుంది: దూరం నుంచి షాట్. మూడు పాయింట్ల గీత 1984 నుంచీ ఉన్నా, మా కాలంలో పివట్ దాని దగ్గర కనబడితే కేకలేసేవాళ్లం. ఇప్పుడు పొడుగు పిల్లలు కూడా 6.75 మీటర్ల నుంచి వేయాలి. టోక్యో ఒలింపిక్స్‌లో చేరిన ముగ్గురి ఆటలోనైతే 12 సెకండ్లలో వేసేయాలి, పివట్ అని వేరే ఎవరూ ఉండరు. ఆ ఆరో గడిలో ఆమె బళ్లోని తొమ్మిదో తరగతి పిల్ల ఒకతెకి పదికి ఒకటి రాసి ఉంది. మూడో గడి చూశాను. పాదం దగ్గర చుక్క ఉంది, పక్కన 'కబడ్డీ' అని రాసి ఉంది.