ఉత్సవమును లెక్కయు

సింగరాయడనగా నరసింహుడు. వరాహలక్ష్మీనరసింహస్వామి వెలసిన కొండ పేరే సింగరాయకొండకు పేరైనది. ఊరికి పేరిచ్చినవాడు దేవుడే. కాని ఆ దేవుని దీపమునకు నూనెయు, నైవేద్యమునకు బియ్యమును, ఉత్సవమునకు పందిరియు సమకూర్చినవారు మనుష్యులు. స్వామి మహిమను చెప్పు స్థలపురాణములు మనకు పెక్కు గలవు. నూనె యెవరు పోసిరి, ఆ ఖర్చు ఎవరు వ్రాసిరి, వ్రాసినదానిని ఎవరికి చదివి వినిపించిరి అను ప్రశ్నలకు బదులు చెప్పు పురాణము మాత్రము లేదు. ఆ వృత్తాంతము శాసనములలోను, ఇనాం దస్తావేజులలోను, చట్టములలోను చెదరియున్నది. దానిని కొంత కూర్చి చూపుటయే మా యుద్దేశము.

ఇందుకు కారణము చిన్నదే. నిరుడు ఉత్సవపు రోజులలో చందా పుస్తకము పట్టుకొని కొందరు యువకులు మా యింటికి వచ్చిరి. వెనుకటి యేటి లెక్క యేదని అడిగితిమి. వారిలో పెద్దవాడు నొచ్చుకొని, “దేవుని సొమ్మునకు లెక్క అడుగుదురా, మాస్టారూ?” అనెను. చందా ఇచ్చి పంపితిమి. ప్రశ్న మాత్రము మాయొద్దనే నిలిచిపోయినది. మన పూర్వులు దానికేమి చెప్పియుందురు?

పూర్వము గ్రామములలో ఉత్సవమునకు చందా పుస్తకముతో అంతగా పని లేకుండెను. అర్చకునకు మాన్యము, మేళగాండ్రకు మాన్యము; కుమ్మరికి, చాకలికి, వెట్టివానికి పంటనూర్పు వేళ కళ్లములో మేర. కుండలు తెచ్చుట ఒకరి వంతు, కాగడా పట్టుట ఒకరి వంతు, డప్పు కొట్టుట ఒకరి వంతు. ఉత్సవపు ఖర్చు రూపాయలలో గాక భూమిలోను, ధాన్యములోను ముందే పంచబడియుండెను. ఎవరి మాన్యమెంతయో కరణము కవిలెలో ఉండెడిది. ఎవరి మేర యెంతయో రాశి కొలుచునప్పుడు పదిమందియు చూచెడివారు. లెక్క వేరుగా అడుగవలసిన అవసరము తక్కువ.

ముఖ్యమైన కట్టుబాట్లను రాతిమీదనే చెక్కించిరి. ఈ తీరముననే ఉత్తరముగా నున్న మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో ఓడవర్తకులకు అభయశాసనమిచ్చెను. చెదరిన ఓడల సరకును రాజులు లాగికొను ఆచారమును మాని, ముప్పదింట ఒక వంతు సుంకము మాత్రమే కొందునని అందు ప్రకటించెను. పన్ను పుచ్చుకొనువాని హద్దు పన్ను ఇచ్చువానికి తెలియవలెననుట ఆ రాతి భావము. దక్షిణమున కాంచీపుర ప్రాంతమందలి ఉత్తరమేరూరులో మొదటి పరాంతక చోళుని కాలమున, 919, 921 సంవత్సరములలో చెక్కిన శాసనములు ఇంకొక యడుగు ముందుకు వేసినవి. చెరువునకు, తోటలకు, బంగారమునకు వేర్వేరు వారియములను, అనగా నేటి కమిటీల వంటివానిని, ముప్పది పేటలనుండి కుండలో చీటీలు వేసి ఎన్నుకొనెడివారు. పూర్వము వారియములో ఉండి లెక్క ఒప్పగింపనివాడును, వాని దగ్గరి చుట్టములును ఆ చీటీలకు అర్హులు కారు! దేవుని సొమ్మునకైనను, చెరువు సొమ్మునకైనను లెక్క అడుగుట అపచారమని ఆ సభవారు తలపలేదు.

అట్లని పూర్వకాలమంతయు ధర్మయుగమని పొగడుటకు మేము సిద్ధముగా లేము. ఉత్తరమేరూరిది బ్రాహ్మణసభ, భూమియు, వేదాధ్యయనమును లేనివారికి అందు చోటు లేదు. మన యూళ్లలో డప్పు మ్రోగనిదే ఉత్సవము కదలదు. ఆ డప్పు కొట్టిన మాదిగలు గుడి గడప దాటరాదు. దేవదాసీలకు ఇచ్చిన మాన్యము వారి కూతుండ్రను సైతము ఆ వృత్తికే కట్టివైచెను. ముత్తులక్ష్మీరెడ్డిగారి కృషివలన 1929లో వచ్చిన చట్టము ఆ మాన్యమును సేవనుండి విడదీసెను; దేవునికి బాలికల నర్పించుటను 1947 నాటి చట్టము నిషేధించెను. ఆలయప్రవేశమునకు మదరాసు రాజ్యమున చట్టబద్ధమైన హక్కు కలిగినదియు ఆ సంవత్సరముననే. లెక్క సరిగా నున్నంతమాత్రమున న్యాయము సరిగా నున్నట్లు కాదు.

ఆ పాత కట్టు పందొమ్మిదవ శతాబ్దమున సడలినది. 1858లో ఏర్పడిన ఇనాం కమిషను మాన్యములను విచారించి పట్టాలిచ్చెను. 1864 నాటి చట్టము గ్రామసేవకుల మేరలకు బదులు సెస్సు విధించుటకు దారి తీసెను. 1899లో బెజవాడకును మదరాసుకును నడుమ రైలుదారి పూర్తియైనది. సింగరాయకొండ ఆ దారిలో స్టేషనైనది. ధాన్యమున్న చోటికి నాణెము వచ్చెను. రాశిని పదిమంది చూడవచ్చును. పెట్టెలోని నాణెమును తాళపుచెవి గలవాడే చూచును.

ఆ తాళపుచెవి చేతులు మారుచు వచ్చినది. 1817 నాటి రెగ్యులేషను దానిని రెవిన్యూ బోర్డునకిచ్చెను. క్రైస్తవ మిషనరీల ఆక్షేపణలకు లోబడి కంపెనీవారు 1842 ప్రాంతమున తప్పుకొనిరి. 1863 చట్టము దేవాలయ కమిటీల నేర్పరచెను. సభ్యుల పదవి యావజ్జీవము! మరల ప్రజలయెదుట నిలువ నక్కరలేనివాడు లెక్క చూపుటకు తొందరపడునా? 1927 నాటి మదరాసు చట్టముతో హిందూ దేవాదాయ బోర్డు స్థిరపడెను. తరువాతి చట్టములు దాని సంతానమే.

ఇంకొకవైపున 1884 నాటి స్థానిక బోర్డుల చట్టము యూనియన్ పంచాయతీలను కల్పించి, వీధిదీపమును, బాటను, పారిశుద్ధ్యమును వానికి అప్పగించెను. 1920లో గ్రామపంచాయతుల చట్టము వచ్చెను. ఇట్లు ఒకే యూరికి రెండు సంచులేర్పడినవి: పూజకు దేవస్థానపు సంచి, వీధికి పంచాయతీ సంచి. ఈ విభజన మంచిదే. ఒక మతమును పోషించుటకై ప్రత్యేకించిన పన్ను ఎవరిచేతను బలవంతముగా కట్టింపరాదని 1950 నాటి రాజ్యాంగపు 27వ అధికరణము చెప్పుచున్నది. మహమ్మదీయుడు కట్టిన ఇంటిపన్ను ఉత్సవపు వీధిలో దీపము వెలిగింపవచ్చును. అది అందరి దీపము. రథమునకు పట్టుగుడ్డ కొనుట వేరు.

ఈ రెండు సంచులకును ఆడిట్ కలదు. మా యింటికి వచ్చినది మూడవ సంచి, చందా సంచి. అది ఏ రిజిస్టరులోను చేరక, ఉత్సవముతో పుట్టి ఉత్సవముతో మాయమగుచున్నది. కలహములన్నియు దానిచుట్టునే. మొదటి తాంబూలమెవరికి, ఊరేగింపు ఏ వీధిలో ముందు ఆగవలెను అను తగవులు మర్యాదకై పుట్టినట్లు కనబడును గాని, పలుచోట్ల వాని వేరు లెక్క చెప్పని సొమ్ములోనే యుండును. ఎక్కువ ఇచ్చితినని ఒకడు, ఇచ్చినది ఏమైనదని ఇంకొకడు. ఉత్సవము ముగిసిన తెల్లవారుజామున విస్తళ్లు ఎత్తి వీధి ఊడ్చిన కార్మికురాలి కూలి మాత్రము ఎవరికిని జ్ఞప్తికి రాదు.

మందు దూరమున లేదు. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము జాతరల, ఉత్సవముల అదుపును పంచాయతీ చేయదగిన పనులలో చేర్చినది. వార్షిక జమాఖర్చులను, ఆడిట్ నివేదికను గ్రామసభ యెదుట ఉంచవలెనని విధించినది. చందా వసూలు చేయువారు ఆ మర్యాదను తమంతట తామే పాటింపవచ్చును. ఉత్సవము ముగిసిన వారములోపల, జమ యింత, ఖర్చు యింత, నిలువ యింత అని ఒక కాగితము వ్రాసి రచ్చబండ దగ్గర అంటించిన చాలును. ఖర్చులో మొదటి పద్దు ఊడ్చినవారి కూలియు, డప్పు వాయించినవారి కూలియు కావలెను. తాంబూలములో వారికి చోటుండవలెను.

ఆ యువకుడు ఈ యేడును వచ్చును. దేవుని సొమ్ము గనుకనే లెక్క అడుగుచున్నామని ఈసారి చెప్పుదుము. వ్రాయుట తెలియకున్న, సాయంకాలము బడికి రమ్మందుము. జమాఖర్చు వ్రాయుట మేమే నేర్పుదుము.