మల్కాపురంలో ఎవరి చమురు కాగాలి?

విశాఖ మల్కాపురంలో 1957లో మొదలైన కాల్టెక్స్ రిఫైనరీలో మా నాన్న ఫిట్టరు. అక్కడ ఉద్యోగమంటే పెళ్ళిసంబంధాలు వెతుక్కుంటూ వచ్చేవట. ఆ జీతంతోనే నేను చదువుకున్నాను. అయినా ఆ కంపెనీతో మన ప్రభుత్వం చేసుకున్న ఒప్పందం తలచుకుంటే కడుపు రగులుతుంది.

1951లో ఇరాన్ తన చమురును జాతీయం చేసుకోగానే అక్కడి అబదాన్ రిఫైనరీ నుంచి మనకు వచ్చే సరుకు ఆగింది. స్వాతంత్ర్యం వచ్చి నాలుగేళ్ళే. సొంతంగా రిఫైనరీలు కట్టుకునే డబ్బు లేదు. అందుకే విదేశీ కంపెనీలను పిలిచారు. బర్మా-షెల్, స్టాన్‌వాక్‌లతో ఆ ఏడాదే, కాల్టెక్స్‌తో 1953లో సంతకాలయ్యాయి. యాజమాన్యం పూర్తిగా వాళ్ళదే. పాతికేళ్ళ దాకా జాతీయం చేయకూడదు. ముడిచమురు ఎక్కడ కొనాలో వాళ్ళిష్టం. మొదటి రెండూ సరే, పెట్టుబడి పెట్టేవాడు భరోసా అడుగుతాడు. మూడోదే మెడకు చుట్టుకుంది. వాళ్ళు కొనేది తమ మాతృసంస్థల దగ్గరే, ఆ సంస్థలు చెప్పిన ధరకే. దానికి కరిగిపోయేది మన విదేశీ మారకం.

1960లో మంత్రి కేశవదేవ్ మాలవీయ సోవియట్ ముడిచమురు బేరం తెచ్చాడు. ధర తక్కువ, చెల్లింపు రూపాయల్లో. మూడు కంపెనీలూ దాన్ని శుద్ధి చేయబోమన్నాయి. మన నేల, మన రేవు, మా నాన్నలాంటి మన కార్మికులు. ఏ చమురు కాచాలో చెప్పే హక్కు మాత్రం ఢిల్లీకి లేదు!

అదే ఏడాది క్యూబాలోనూ కంపెనీలు ఇలాగే మొండికేస్తే కాస్ట్రో రిఫైనరీలను స్వాధీనం చేసుకున్నాడు. నెహ్రూ ప్రభుత్వం సంతకం చేసిన మాట తప్పలేదు. దాన్ని పిరికితనమనేవాళ్ళున్నారు, నేననను. పక్కదారి వెతికారు. సోవియట్ డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ కంపెనీ నేరుగా తెప్పించింది, మొదటి ఓడ ఆ ఆగస్టులోనే వచ్చింది. రుమేనియా సాయంతో గువాహటి దగ్గర నూన్‌మాటిలో, సోవియట్ సాయంతో బరౌనీ, కోయలీలలో ప్రభుత్వ రిఫైనరీలు లేచాయి. సోవియట్లదీ వట్టి దాతృత్వమేమీ కాదు. కానీ ఆ రిఫైనరీలు మన పేరునే ఉన్నాయి. పోటీ ఎదురుకాగానే పాత కంపెనీలు ముడిచమురు ధర కొంత తగ్గించాయి. అంటే అన్నాళ్ళూ పేద దేశం చేత ఎక్కువ కట్టించుకున్నట్టే కదా. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఉండాలి.

1970లలో గల్ఫ్ దేశాలు తమ బావులను తామే చేజిక్కించుకున్నాక ఈ కంపెనీల పట్టు సడలింది. విశాఖ రిఫైనరీ 1976 చివర్లో, పాతికేళ్ళ గడువు తీరకముందే, పరిహారం మీద ప్రభుత్వానికి వచ్చింది. 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది.