ముద్దాయి పక్షాన ఒక గొంతు: పెరీ మేసన్ నవలామాలిక ఆకర్షణకు చారిత్రక మూలాలు

ఉపోద్ఘాతం

అమెరికన్ రచయిత ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్ (1889–1970) 1933లో ‘ది కేస్ ఆఫ్ ది వెల్వెట్ క్లాస్’ నవల ద్వారా పెరీ మేసన్ అనే న్యాయవాది పాత్రను పాఠకులకు పరిచయం చేశాడు. ఆ పాత్రతో ఎనభైకి పైగా నవలలు వచ్చాయి. 1943 నుంచి 1955 వరకు రేడియో ధారావాహికగా, 1957 నుంచి 1966 వరకు సీబీఎస్ టెలివిజన్‌లో 271 భాగాల ధారావాహికగా ఆ పాత్ర కొనసాగింది. హత్యారహస్యం ఉత్కంఠ రేపడం, చివర్లో కోర్టు హాల్లో అసలు దోషి బయటపడడం ఈ ఆదరణకు కారణాలని సాధారణంగా చెబుతారు. అయితే ఈ రెండూ ఇతర అపరాధ పరిశోధక నవలల్లోనూ ఉన్నాయి. మేసన్ కథల్లో ప్రత్యేకమైనది నాయకుడు నిలిచే స్థానం. అతను నేరాన్ని కనిపెట్టేవాడిగా కాక, నేరం మోపబడిన మనిషి పక్కన నిలబడేవాడిగా కథలోకి వస్తాడు. ఈ స్థానానికి అంత ఆకర్షణ ఎలా వచ్చింది, కాలక్రమంలో దాని అర్థం ఎలా మారింది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

రచయిత వృత్తి అనుభవం

గార్డ్‌నర్ 1911లో కాలిఫోర్నియాలో న్యాయవాదిగా నమోదై, ఆక్స్‌నార్డ్, వెంచురా పట్టణాల్లో ప్రాక్టీసు చేశాడు. అతని కక్షిదారుల్లో చైనా నుంచి వలస వచ్చినవారు చాలామంది ఉండేవారు. పోలీసులు వారెంట్లతో వచ్చేసరికి దుకాణాల్లో మనుషులను తారుమారు చేసి ఉంచి, ఎవరు ఎవరో పోలీసులకే తెలియదని కోర్టులో తేల్చిన ఉదంతాన్ని అతని జీవితచరిత్రలు పేర్కొంటాయి. సాక్షి చెప్పే గుర్తింపును నమ్మదగ్గదిగా కనిపించినంత మాత్రాన ఒప్పుకోకూడదన్న పాఠం ఇందులో ఉంది. తర్వాతి కాలంలో మేసన్ నవలల కోర్టు దృశ్యాలకు ఈ పాఠమే పునాది అయింది. 1920లలో చౌక కాగితంపై అచ్చయ్యే ‘బ్లాక్ మాస్క్’ వంటి కథల పత్రికల్లో గార్డ్‌నర్ రచనాభ్యాసం సాగింది. వేగం, సంభాషణ, చురుకైన కథానాయకుడు ఆ పత్రికల నుంచి మేసన్‌కు సంక్రమించాయి.

1930ల ఆరంభం: కాలసందర్భం

మేసన్ పుట్టుక ముందరి రెండేళ్లు అమెరికా నేరన్యాయ చరిత్రలో ముఖ్యమైనవి. పోలీసులు నేరాంగీకారాల కోసం నిందితులను హింసిస్తున్నారని విచారణ సంఘమైన వికర్‌షామ్ కమిషన్ 1931లో నివేదించింది. 1932లో పావెల్ వర్సెస్ అలబామా కేసులో, న్యాయవాదిని పెట్టుకోలేని నిందితునికి మరణశిక్ష పడగల కేసులో కోర్టే న్యాయవాదిని సమకూర్చాలని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. స్కాట్స్‌బరోలో నల్లజాతి యువకులకు పేరుకు మాత్రమే న్యాయసహాయం చూపి మరణశిక్షలు విధించిన ఉదంతం ఈ తీర్పుకు నేపథ్యం. ఇక మేసన్ ప్రాక్టీసు చేసే లాస్ ఏంజెలెస్ కౌంటీలో 1914లోనే ప్రజా న్యాయవాది కార్యాలయం ఏర్పడింది. ఈ సంఘటనలే నవలకు జన్మనిచ్చాయని చెప్పడం అతిశయోక్తి. పోలీసు స్టేషన్‌లో ఒంటరిగా ఉన్న నిందితుడు ఏమవుతాడన్న ఆందోళన మాత్రం నాటి పాఠకుడికి కల్పితం కాదు. మేసన్ తన కక్షిదారులతో పదేపదే చెప్పే మాట, పోలీసులతో ఏమీ మాట్లాడవద్దని. ఈ వాక్యానికి ఉన్న బరువు ఆ కాలసందర్భంలోనే సంపూర్ణంగా అర్థమవుతుంది.

తొలి నవలల్లో విధేయత

తొలి నవలలోని కక్షిదారు ఈవా బెల్టర్ అబద్ధాలాడుతుంది. తన భర్త హత్యకు గురైన రాత్రి ఆ గదిలో వినిపించిన గొంతు మేసన్‌దేనని చెప్పి, తన న్యాయవాదినే అనుమానంలోకి లాగుతుంది. కార్యదర్శి డెల్లా స్ట్రీట్‌కు ఆమెపై మొదటి నుంచీ నమ్మకం లేదు. అయినా మేసన్ కేసును వదలడు. ఇక్కడ న్యాయవాది విధేయత కక్షిదారు మంచితనంపై ఆధారపడలేదు.

1934 నాటి ‘ది కేస్ ఆఫ్ ది హౌలింగ్ డాగ్’ ఇంకా ముందుకు వెళ్తుంది. మేసన్ తన కక్షిదారును విడిపిస్తాడు. తుపాకీ పేల్చింది ఆమేనన్న సంగతి మాత్రం పాఠకుడికి చివర్లో అందుతుంది. తాను జడ్జినీ కాను, జ్యూరీనీ కాను అన్నది మేసన్ సమాధానం. నిందితుడు నిర్దోషి అయినందువల్లే అతనికి న్యాయవాది కావాలని ఈ నవల చెప్పదు. నేరం రుజువు చేసే భారం ప్రభుత్వానిదనీ, ఆ రుజువును పరీక్షించడం తన పననీ చెబుతుంది.

కోర్టు దృశ్య నిర్మాణం

చాలా మేసన్ కథల్లో పతాక సన్నివేశం జ్యూరీ ముందు కాక, ప్రాథమిక విచారణలో జరుగుతుంది. కాలిఫోర్నియా పద్ధతిలో ఈ దశలో జ్యూరీ ఉండదు. నిందితుణ్ణి పూర్తిస్థాయి విచారణకు పంపడానికి తగిన ఆధారం ఉందో లేదో మేజిస్ట్రేటు చూస్తాడు. వాస్తవంలో ముద్దాయి తరఫు న్యాయవాది సాధారణంగా ఈ దశలో తన వాదనను దాచుకుంటాడు. మేసన్ మాత్రం ఇక్కడే క్రాస్ ఎగ్జామినేషన్‌ను ఆయుధంగా మలుచుకుంటాడు. జ్యూరీ ఎంపిక, సుదీర్ఘ వాదనలు తొలగిపోవడంతో కథనం సాక్షి, ప్రశ్న, తడబాటు అన్న మూడింటికి కుదించుకుపోతుంది. పాఠకుడే జ్యూరీ స్థానంలో కూర్చుంటాడు. ఈ నవలలు చదివించే గుణం ఇక్కడే ఉంది.

ఈ విశిష్టత ‘కన్యాశుల్కం’తో పోల్చినప్పుడు తెలుగు పాఠకుడికి స్పష్టమవుతుంది. అక్కడ లుబ్ధావధాన్లు హత్యానేరం ఎదుర్కొంటున్నాడు, సౌజన్యారావు అతని పక్షపు వకీలు. కానీ చిక్కుముడి కోర్టులో సాక్షిని ప్రశ్నించడం వల్ల వీడదు. మధురవాణి సౌజన్యారావు ఇంటికి వచ్చి నిజం చెప్పినప్పుడు వీడుతుంది. గురజాడకు న్యాయస్థానం సాంఘిక విమర్శకు సందర్భం. గార్డ్‌నర్‌కు అది సత్యం వెలువడే రంగస్థలం.

టెలివిజన్ తెచ్చిన మార్పు

రేమండ్ బర్ నటించిన టెలివిజన్ ధారావాహికలో మేసన్ మర్యాదస్తుడయ్యాడు. కక్షిదారు నిర్దోషి అన్నది దాదాపు నియమమైంది. నవలల్లోనూ ఈ ధోరణి క్రమంగా బలపడింది. 1956లో వచ్చిన ‘ది కేస్ ఆఫ్ ది టెరిఫైడ్ టైపిస్ట్’లో జ్యూరీ మేసన్ కక్షిదారును దోషిగా తేల్చడం ఒక అపవాదంగా గుర్తుండిపోవడమే ఇందుకు నిదర్శనం. చట్టంలోని నిర్దోషిత్వ భావన విచారణకు ప్రారంభబిందువు మాత్రమే. ధారావాహికలో అది ప్రేక్షకుడికి ముందే అందిన హామీ అయింది. హామీ ఉన్నచోట న్యాయవాదికి నైతిక సంకటం ఉండదు. ప్రాసిక్యూటర్ హామిల్టన్ బర్గర్ ప్రతివారం ఓడిపోతూనే ఉంటాడు.

అయినా ప్రేక్షకులందరూ ఒకే పాఠం నేర్చుకోలేదు. సుప్రీంకోర్టు న్యాయమూర్తి సోనియా సోటోమయోర్ 2009 సెనేట్ విచారణలో, ఈ ధారావాహిక తనను ప్రాసిక్యూటర్ వృత్తివైపు నడిపిందని చెప్పారు. నిర్దోషి విడుదలైనప్పుడు కూడా ప్రాసిక్యూటర్ తన పని చేసినట్టేనన్న భావం ఆమెకు పట్టింది.

కల్పనకు వెలుపల

కల్పన ఇచ్చే హామీ నిజజీవితంలో లేదని గార్డ్‌నర్‌కు తెలుసు. 1948లో ‘ఆర్గోసీ’ పత్రిక ద్వారా ‘కోర్ట్ ఆఫ్ లాస్ట్ రిసార్ట్’ అనే ప్రయత్నాన్ని ఆరంభించి, అన్యాయంగా శిక్షపడిందని భావించిన కేసులను నిపుణులతో తిరిగి పరిశీలింపజేశాడు. అక్కడ మేసన్ వంటి నాయకుడు లేడు. ఉన్నది ఆలస్యంగా మొదలైన పునఃపరిశీలన.

1963లో గిడియన్ వర్సెస్ వెయిన్‌రైట్ తీర్పు, తీవ్రనేరాల కేసుల్లో పేద నిందితులకు న్యాయవాదిని సమకూర్చే బాధ్యతను రాష్ట్రాలకు విస్తరింపజేసింది. న్యాయవాది లేకుండా దోషిగా తేలిన గిడియన్, న్యాయవాదితో జరిగిన పునర్విచారణలో అదే ఏడాది నిర్దోషిగా విడుదలయ్యాడు. ధారావాహిక ప్రసారమవుతున్న కాలంలోనే జరిగిన ఈ ఘటనలో కోర్టు హాల్లో నేరాంగీకారం ఏదీ లేదు. సమర్థుడైన న్యాయవాది సాక్షులను ప్రశ్నించడమే ఉంది.

ముగింపు

పెరీ మేసన్ ఆకర్షణలో రెండు పొరలున్నాయి. ప్రభుత్వ శక్తి అంతా ఒకవైపు నిలిచినప్పుడు ఒంటరి మనిషికి అండగా ఒక గొంతు ఉండాలన్న కోరిక మొదటిది. ఆ మనిషి తప్పక నిర్దోషి అయి ఉంటాడన్న ఊరట రెండవది. 1930ల నవలల్లో మొదటి పొర బలంగా ఉండగా, ప్రజాదరణ పెరిగేకొద్దీ రెండవది దాన్ని కప్పివేసింది. ఊరట కథను సుఖాంతం చేస్తుంది గాని, హక్కును బలహీనం చేస్తుంది. నిర్దోషులకే న్యాయవాది కావాలనుకుంటే, ఎవరు నిర్దోషులో విచారణకు ముందే నిర్ణయించవలసి వస్తుంది. అందుచేత ఈ మాలికను న్యాయసాహిత్యంగా అధ్యయనం చేసేవారు టెలివిజన్ మేసన్ కంటే, అబద్ధమాడిన కక్షిదారును వదలని 1933 నాటి మేసన్ నుంచి మొదలుపెట్టడం సమంజసం.