జీతాల బాకీ నుంచి సామ్రాజ్యం దాకా

ఎస్. రాయవరం పేరు చెబితే 1862లో అక్కడ పుట్టిన గురజాడ గుర్తొస్తారు. అంతకు వందేళ్ల ముందే ఆ సీమ ఒక ప్రపంచ యుద్ధాన్ని చూసింది. ఊరికి ఈశాన్యాన కశింకోట ఉంది, నైరుతిన గొల్లప్రోలు దగ్గర చందుర్తి ఉంది. 1758 నవంబరులో కశింకోట వద్ద ఇంగ్లిషు పటాలం, విజయనగరం రాజు బలగం కలిశాయి. డిసెంబరు 7న చందుర్తిలో ఫ్రెంచివారిని ఓడించాయి.

పాఠ్యపుస్తకాల్లో అది సప్తవర్ష సంగ్రామం, 1756 నుంచి 1763 దాకా. సైలీషియా కోసం ప్రష్యా, ఆస్ట్రియాల పగ ఒక కారణం. అమెరికాలో ఒహాయో లోయ కోసం ఇంగ్లండు, ఫ్రాన్సుల పోటీ మరొకటి. మన తీరంలో అసలు కారణం వేరే ఉంది: సిపాయిల జీతం ఎవరు కట్టాలి?

సర్కారులు ఎలా చేతులు మారాయి

1751లో ఫ్రెంచి సేనాని బుస్సీ అండతో సలాబత్ జంగ్ హైదరాబాదు గద్దె ఎక్కాడు. అండగా నిలిచిన సైన్యానికి నెలనెలా జీతాలివ్వడం అతని ఖజానా వల్ల కాలేదు. అందుకే 1753లో ముస్తఫానగర్, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారుల (అంటే తీరసీమలోని పాలనా విభాగాల) శిస్తును ఫ్రెంచివారికి రాసిచ్చాడు. వాళ్లకు అది రెండందాల లాభం. శిస్తు సొమ్ముతో సిపాయిలను పోషించవచ్చు, సముద్ర తీరంలోని నేత బట్టల వ్యాపారాన్నీ గుప్పిట్లో పెట్టుకోవచ్చు. విశాఖలో, గోదావరి పాయల వెంట ఇంగ్లిషు కంపెనీకీ కొట్లున్నాయి. యూరపులో యుద్ధం ప్రకటించగానే ఆ కొట్లే గురి అయ్యాయి. 1757లో బుస్సీ విశాఖను పట్టుకున్నాడు.

ఆ ఏడాది జనవరిలోనే బొబ్బిలి యుద్ధం జరిగింది. బుస్సీ పక్షాన నిలిచిన విజయనగరం రాజు విజయరామరాజును బొబ్బిలి సేనాని తాండ్ర పాపారాయుడు చంపేశాడు. వారసుడు ఆనంద గజపతికి బుస్సీ చేసిన ఏర్పాట్లు నచ్చలేదు. 1758లో బుస్సీ దక్షిణాదికి వెళ్లగానే ఆనంద గజపతి విశాఖను ఫ్రెంచివారి నుంచి లాక్కుని, ఇంగ్లిషువారిని సాయం అడిగాడు. బెంగాలు నుంచి కంపెనీ గవర్నరు క్లైవ్ పంపిన కల్నల్ ఫోర్డ్ ఓడల మీద దిగాడు.

మళ్లీ అదే పత్రం

కశింకోటలో కుదిరిన ఒప్పందం చదివితే 1753 నాటి కథే కొత్త పేర్లతో కనిపిస్తుంది. సైన్యం ఖర్చులకు రాజు నెలకు 50,000 రూపాయలు ఇవ్వాలి. దోపిడీ సొమ్ము చెరిసగం. రేవులు మాత్రం కంపెనీవి. చందుర్తిలో గెలిచాక రాజు డబ్బు దగ్గర తాత్సారం చేశాడు, ఫోర్డ్ ముందుకు కదలలేకపోయాడు. ఆ తర్వాత ఫ్రెంచివారి మచిలీపట్నం కోట ముందు అతని తెల్ల సైనికులే దోపిడీ వాటా కోసం తిరగబడ్డారు. అయినా 1759 ఏప్రిల్ 8 తెల్లవారేసరికి కోట పడిపోయింది. దగ్గర్లోనే దండు దిగి ఉన్న సలాబత్ జంగ్ గాలివాటు గ్రహించి, మే 14న గెలిచినవాడితో సంధి చేసుకున్నాడు.

ఫ్రెంచివారిని వాడుకుంటున్నానని సలాబత్ జంగ్ అనుకున్నాడు. ఇంగ్లిషువారిని వాడుకుంటున్నానని ఆనంద గజపతి అనుకున్నాడు. కూలికి తెచ్చిన సైన్యానికి కూలి బాకీ పడితే అది భూమి అడుగుతుందన్న లెక్క ఇద్దరూ వేయలేదు. లండన్‌కూ ఈ యుద్ధం అప్పులే మిగిల్చింది. వాటిని తీర్చడానికి అమెరికా వలసల మీద పన్నులు వేసి, ఆ వలసలనే పోగొట్టుకుంది. ఇక్కడ మాత్రం కంపెనీ పంట పండింది. 1765లో మొగలు ఫర్మానా, 1766లో నిజాంతో ఒప్పందం, ఈ రెండింటితో సర్కారులు దాని పరమయ్యాయి.

1794 జులై 10న పద్మనాభంలో ఆనంద గజపతి వారసుడు చిన విజయరామరాజు కంపెనీ సైన్యంతో పోరాడుతూ ప్రాణం విడిచాడు. తగువు మొదలైంది పేష్కషు, అంటే కంపెనీకి కట్టాల్సిన కప్పం, బకాయిల దగ్గర. ముప్పై ఆరేళ్ల కిందట కంపెనీ సైన్యానికి జీతాలిస్తానని సంతకం పెట్టిన సంస్థానం, చివరికి అదే కంపెనీకి బాకీదారుగా నిలిచింది.