నాటాలుకు ఓడ ఎక్కిన పాస్టరుగారు



పోయిన ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత మన సంఘపు పెద్దమ్మ ఒకరు ఫోను పట్టుకొని నా దగ్గరకు వచ్చారు. "అయ్యగారూ, మా మనుమరాలికి పాట గావాల్నట. దానికి తెలుగు సదువరాదు గదా, ఇంగ్లీషు అక్షరాలల్ల రాసి పంపుండ్రి" అన్నారు. ఆ పాప ఆస్ట్రేలియాలో పుట్టింది. పెద్దమ్మ భర్త బాయిలో ముప్పై ఏండ్లు చేసి మొన్ననే రిటైరయ్యారు. క్వార్టరు ఖాళీ చేయాలి. కొడుకు అక్కడ, కూతురు హైదరాబాదులో, సొంత ఊరిలో ఇల్లు ఎప్పుడో కూలిపోయింది. సామాను ఏ ఊరికి వేయాలో ఇంకా తేల్చుకోలేదు.

సెంటినరీ కాలనీలో ఈ కథ ఒక్క ఇంటిది కాదు. మనలో ఈ నేల మీద పుట్టిన తాతలున్నవారు ఎంతమంది? బొగ్గు పిలిస్తే వచ్చాము, రిటైర్మెంటు కాగితం వస్తే లేస్తాము. మన పిల్లలు దుబాయికో, బెంగళూరుకో, ఇంకా దూరమో పోతున్నారు. చెదిరిపోయిన తెలుగువారు అంటే ఎక్కడో ఉన్నవారు కాదు, మనమే. ఆ పాట సంగతి ఆలోచిస్తూ ఇంటికి వెళ్ళి సెమినరీ నాటి నోట్సు తీశాను. అందులో జాన్ రంగయ్య అనే పేరు ఉంది. ఆ రోజుల్లో నాకు అది పరీక్షకు ఒక లైను మాత్రమే. ఈ వారమంతా ఆయన కథతోనే గడిచింది.

1860 నవంబరు 16న మద్రాసు నుండి బయలుదేరిన 'ట్రూరో' అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. నాటాలు చెరకు తోటలకు కూలీలుగా భారతీయులను తీసుకుపోయిన మొదటి ఓడ అదే. 1911లో ఆ పద్ధతి ఆగేనాటికి అలా వెళ్ళినవారు 1,52,184 మంది. విశాఖపట్నం, గోదావరి, నెల్లూరు, చిత్తూరు వైపుల నుండి ఎందరో తెలుగువారు వారిలో ఉన్నారు. ఐదేండ్ల ఒప్పందం. మొదటి సంవత్సరం నెలకు పది షిల్లింగులు, తరువాత ఏడాదికొక షిల్లింగు పెంపు. 'అగ్రిమెంటు' అన్న మాట కూలీల నోట 'గిర్మిట్' అయింది. మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారందరూ అక్కడ 'మద్రాసీలు'. మనిషి ఏ భాషలో తల్లిని పిలుస్తాడో తోట యజమానికి అక్కరలేదు.

వారిలో కొందరు బాప్తిస్మము పొంది వెళ్ళినవారు. ఇది ఎలా జరిగిందో తెలియాలంటే నెల్లూరు, ఒంగోలు కథ కొంచెం తెలియాలి. అమెరికా బాప్టిస్టులు 1836లో తెలుగువారి మధ్య పని మొదలుపెట్టారు. చాలా ఏండ్లు ఫలం లేదు, మూసేద్దామన్న మాట కూడా వచ్చింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఐదుగురు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థన చేశారు. 1865లో జాన్ క్లవ్ దొరగారు వచ్చారు. 1876 నుండి 1878 వరకు వచ్చిన ఘోర కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకొని ఆకలితో ఉన్నవారికి పని ఇచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. అందులో అత్యధికులు మాదిగవారు, ఊరి బయట గుడిసెలవారు. ఈ సంఖ్యను మన ప్రసంగాలలో గొప్పగా చెప్పుకుంటాము, నేనూ చెప్పాను. ఆ కరువును, ఆ పేదరికాన్ని మాత్రం అంత గట్టిగా చెప్పము. కొత్తగా విశ్వసించినవాడికీ ఆకలి వేస్తుంది. ఓడ ఏజెంటు ఊరికి వస్తే అతడూ వేలిముద్ర వేస్తాడు.

అలా నాటాలు చేరిన తెలుగు బాప్టిస్టులకు అక్కడ తమ భాషలో వాక్యం చెప్పేవారు లేరు. మాకొక కాపరిని పంపండి అని స్వదేశపు సంఘాలను అడిగారు. ఇక్కడ తెలుగు బాప్టిస్టు హోం మిషనరీ సొసైటీ అనేది 1897లో ఏర్పడింది. దొరల సొసైటీ కాదు, మన తెలుగు సంఘాల సొసైటీ. గుప్పెడు బియ్యం కానుక తెచ్చే తల్లులున్న సంఘాలవి. అవి నెల్లూరు నుండి జాన్ రంగయ్యగారిని ఎంచుకొని, 1903లో సముద్రం దాటించాయి. మిషనరీ అంటే అటు నుండి ఇటు వచ్చే తెల్లవాడు అని లోకమంతా అనుకుంటున్న కాలంలో, మాలమాదిగ పల్లెల సంఘాలు తమ మనిషిని తమ ఖర్చుతో ఆఫ్రికాకు పంపాయి. ఈ మాట మన చరిత్రలో ఇంకా చాలినంత బిగ్గరగా వినబడలేదని నా అభిప్రాయం.

ఆ ఏడాది డిసెంబరులోనే కియర్స్‌నీ అనే చోట మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. అది తేయాకు ఎస్టేటు, యజమాని లీజ్ హ్యూలెట్ దొర. పగలంతా తేయాకు కోసి, సాయంత్రం బారక్కులకు చేరే మనుషులు. రంగయ్యగారి పరిచర్య అంటే ఒక తోట నుండి ఇంకో తోటకు వెళ్ళి తెలుగువారిని వెదకడం. ఆయన అక్కడ సువార్త ఒక్కటే ఇచ్చారని నేననుకోను. ఐదేండ్లుగా నంబరు పెట్టి పిలవబడిన మనిషిని ఎవరో వచ్చి తన భాషలో పేరు పెట్టి పిలిస్తే, ఆ పిలుపులోనే సగం ప్రసంగం ఉంది.

మనది బొగ్గు నేల గనుక ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. నాటాలులో గిర్మిట్ కూలీలు చెరకు, తేయాకు తోటలలోనే కాదు, న్యూకాసిల్ వైపు బొగ్గుబాయిలలో కూడా పనిచేశారు. గిర్మిట్ ముగిసి అక్కడే నిలిచిపోదామనుకున్నవారి మీద ఏడాదికి మూడు పౌన్ల పన్ను వేశారు. 1913 అక్టోబరులో ఆ బాయిల కార్మికులు దానికి వ్యతిరేకంగా సమ్మెకు దిగారు. సమ్మె చేయమని వారిని కలిసి చెప్పినవారిలో తంబి నాయుడు ఒకరు. ఆయన తమిళుడు, మారిషస్‌లో పుట్టినవాడు. ఆయనకు తెలుగు కూడా కొంత వచ్చని గాంధీగారు రాశారు. నవంబరు 6న గాంధీగారి వెంట 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు సరిహద్దు దాటడానికి నడిచారు. పట్టుకున్న కార్మికులను పెట్టడానికి జైళ్ళు చాలక ప్రభుత్వం బాయిల కాంపౌండ్లనే జైళ్ళు చేసింది. సమ్మె అంటే ఏమిటో మన పెద్దలకు నేను నేర్పనక్కరలేదు. ఆ మరుసటి ఏడాది పన్ను రద్దయింది. తమిళం, తెలుగు, హిందీ, గుజరాతీ మాట్లాడేవారు కలిసి నడిచారు. ఎవరి భాష వారి దగ్గరే ఉంది, ఆ రోజు అది అడ్డం రాలేదు.

రంగయ్యగారు 1915లో చనిపోయారు. తరువాతి కథ అంతా సంతోషకరమైనది కాదు. అక్కడి బాప్టిస్టులు రెండు శాఖలయ్యారు. అంత దూరం ఓడ మీద వెళ్ళి, అంత కష్టపడి కలిసినవారు కూడా విడిపోయారు. మన ప్రాంతపు సంఘాలను చూసినవారికి ఇందులో ఆశ్చర్యం ఉండదు, సిగ్గు ఉంటుంది. పిల్లలు ఇంగ్లీషు బడులకు వెళ్ళారు, ఆరాధన మెల్లగా ఇంగ్లీషుకు మారింది.

భాషను పట్టి ఉంచే భారము ఎక్కువగా మోసినవారు మన హిందూ సహోదరులు. ఈ మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ ఏర్పడింది. పిల్లలకు తెలుగు నేర్పడం, పండుగలు చేయడం, చెదిరిన కుటుంబాలను ఒకచోట కూర్చడం దాని పని. మారిషస్‌లో, మలేసియాలో కూడా ఇలాంటి సంఘాలు పుట్టాయి. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగితే, రెండవది 1981లో కౌలాలంపూర్‌లో, మూడవది 1990లో మారిషస్‌లో జరిగాయి. కూలీల మనుమలు ఆతిథ్యమిచ్చారన్నమాట. 1996లో దక్షిణాఫ్రికా రాజ్యాంగం రాసుకున్నప్పుడు, గౌరవించి పెంపొందించవలసిన భాషల వరుసలో తెలుగు పేరు కూడా రాసింది. ఆ అక్షరాలు రాజ్యాంగంలోకి ఎక్కేనాటికి ఆ దేశంలో ఎన్నో నాయుడు ఇండ్లలో తెలుగు మాట ఆగిపోయి ఉంది. చట్టం పేరును నిలబెడుతుంది, నాలుకను నిలబెట్టలేదు.

నెహెమ్యా గ్రంథం 13వ అధ్యాయం మీకు తెలుసు. చెర నుండి తిరిగి వచ్చినవారి పిల్లలు సగం అష్డోదు భాష మాట్లాడుతుంటే నెహెమ్యా కోపంతో తండ్రుల తలవెంట్రుకలు పెరికాడు. నాకు ఆ వచనాలు చదివినప్పుడల్లా ఇబ్బందే. ఆస్ట్రేలియాలో రెండు ఉద్యోగాలు చేసుకుంటూ బిడ్డను పెంచే తల్లిని కోప్పడే హక్కు నాకెక్కడిది? నా చిన్నవాడే ఒత్తులు మరచిపోతాడు. యిర్మీయా 29వ అధ్యాయంలో చెరలో ఉన్నవారికి రాసిన ఉత్తరం నాకు ఎక్కువ దగ్గర. అక్కడే ఇండ్లు కట్టుకోమని, తోటలు నాటుకోమని, ఆ పట్టణపు క్షేమం కోసం ప్రార్థించమని ప్రవక్త రాశాడు. ఆ ఉత్తరం వెళ్ళింది మాత్రం వారి సొంత భాషలోనే.

మొన్న రాత్రి కూర్చొని పెద్దమ్మ అడిగిన పాట రాశాను. పై వరుస తెలుగు అక్షరాలలో పెద్దగా, దాని కింద ఇంగ్లీషు అక్షరాలలో. మొదటి వరుస నా గొంతుతో నెమ్మదిగా చదివి వాయిస్ మెసేజి కూడా పెట్టాను. నిన్న ఆ పాప నుండి తిరిగి మెసేజి వచ్చింది. రాగం సరిగ్గానే పట్టింది. 'ళ' వచ్చిన ప్రతిచోటా 'ల' అయింది. పెద్దమ్మ సగం కట్టిన అట్టపెట్టెల మధ్య కూర్చొని దానిని నాలుగుసార్లు విన్నారు. ఐదోసారి పెట్టమని నాకు ఫోను ఇచ్చారు.

దూరాన పిల్లలున్నవారు ఈ శనివారం సాయంత్రం 5 గంటలకు మా ఇంటికి రండి. పాటల పుస్తకము, ఛార్జింగున్న ఫోను తెచ్చుకోండి.