నిమ్మళం: శబ్దరూపం, అర్థపరిణామం

తెలుగులో ప్రశాంతస్థితిని తెలిపే మాటలు అనేకం. వాటిలో శాంతి, ప్రశాంతి, విశ్రాంతి తత్సమాలు. కర్నూలు, కడప ప్రాంతాల పల్లె వాడుకలో ఈ భావానికి సహజంగా వినిపించే మాట ‘నిమ్మళం’. అలసి వచ్చిన చుట్టంతో ‘నిమ్మళంగా కూచో మామా’ అంటారు. జ్వరం దిగిన మనిషి ‘ఇప్పుడు రోంత నిమ్మళంగా ఉండాది’ అంటాడు. తెలంగాణలోనూ ‘నిమ్మలం’ అనే రూపంలో ఇది సజీవంగా ఉంది. దీనిని ‘నెమ్మది’కి పర్యాయపదంగా చెప్పి వదిలేయడం పరిపాటి. అయితే ఈ రెండు మాటలకూ పుట్టుకలోనూ ప్రయోగంలోనూ భేదం ఉంది.

ముందుగా రూపాన్ని పరిశీలిస్తే, సంస్కృత ‘నిర్మల’ శబ్దం ప్రాకృతంలో ‘నిమ్మల’ అయింది. ధర్మ–ధమ్మ, కర్మ–కమ్మ రూపాలలో వలెనే ఇక్కడా రేఫ మకారంలో లీనమై ద్విత్వం ఏర్పడింది. మంగల–మంగళ, ప్రలయ–ప్రళయ శబ్దాలలో వలె లకారం తెలుగులో ళకారమైంది. కనుక నిమ్మళం తద్భవం. రూపం విషయంలో సందేహం లేదు. చిక్కు అర్థం విషయంలోనే ఉంది. నిర్మలమంటే మలం లేనిది, అంటే మురికి లేనిది. అది ‘ఊరట’ అనే అర్థానికి ఎట్లా చేరింది?

దీనికి సమాధానం తెలుగు దేశ్యక్రియ ‘తేఱు’లో దొరుకుతుంది. మడ్డి అడుగుకు దిగి నీరు తేటపడడమే తేఱడం. ‘తేట’ కూడా ఈ ధాతువుకు చెందినదే. దుఃఖం నుంచి, జబ్బు నుంచి మనిషి కోలుకోవడాన్ని తెలుగువారు ‘తేరుకోవడం’ అన్నారు. తమిళంలోనూ ‘తేఱు’ క్రియకు తేటపడడం, ఊరట పొందడం అనే రెండర్థాలూ ఉన్నాయి. నీటిని తేర్చే చిల్లగింజల చెట్టుకు అక్కడ ‘తేఱ్ఱా’ అని పేరు. సంస్కృతంలో ‘ప్రసన్న’ శబ్దం సైతం తేటనీటికీ, కలత లేని మనసుకూ వర్తిస్తుంది. కలక తీరిన నీటితో కలత తీరిన మనసును పోల్చడం ఇన్ని భాషలలో కనిపిస్తున్నది. కాబట్టి నిమ్మళం ప్రాకృతం నుంచి రూపాన్ని తెచ్చుకున్నా, అర్థంలో ‘తేరుకొను’ నడిచిన దారినే నడిచిందని భావించవచ్చు.

‘నెమ్మది’ కథ వేరు. ‘నెఱ’, ‘మది’ కలిసి ఏర్పడిన సమాసంగా దీనిని సంప్రదాయం వివరిస్తుంది. నెమ్మనము, నెమ్మొగము వంటివి ఇదే కోవలోనివి. ఇది ప్రధానంగా స్వభావాన్ని చెబుతుంది. అందుకే ‘నెమ్మదస్తుడు’ అనే మాట ఏర్పడింది. నేటి వాడుకలో ‘నెమ్మదిగా’ అంటే ఎక్కువగా వేగం తక్కువ అనే అర్థం స్ఫురిస్తుంది. కన్నడంలో మాత్రం ‘నెమ్మది’ మనశ్శాంతి అర్థాన్ని గట్టిగా నిలుపుకుంది. నిమ్మళం నుంచి ‘నిమ్మళస్తుడు’ అనే మాట పుట్టలేదు. అది స్వభావం కాదు, దశ. ముందు ఒక కలత ఉండాలి, ఆ తరువాతనే ‘నిమ్మళించడం’. జ్వరమో, పరుగో, అప్పో, తగాదానో ఏదీ లేనివాడు నెమ్మదిగా ఉండవచ్చు గాని నిమ్మళించలేడు.

సీమ జీవనంలో ఈ అర్థానికి బలమైన భూమిక ఉంది. ఈ ప్రాంతపు సాలీనా సగటు వర్షపాతం 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే. 1876–78 నాటి ధాత కరువు వంటివి జనజీవితాన్ని కలచివేశాయి. ఏరు పారితే ఎర్రనీరు, ఎండితే చెరువు అడుగున బురదనీరు. వాటిని కడవలో పోసి, తేరేదాకా కదపకుండా ఉంచి తాగిన తరాలకు నిమ్మళం కేవలం అలంకారం కాదు, అనుభవం. ఈ అర్థపరిణామం సీమలోనే జరిగిందని దీని భావం కాదు. ఆ అర్థం ఇక్కడ అరిగిపోకుండా నిలిచిందని మాత్రమే.

1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ 1852లో వెలువరించిన నిఘంటువులో వాడుక మాటలకు చోటిచ్చాడు. ఆ ఒరవడిని మాండలిక పదకోశాలు కొనసాగించాలంటే పర్యాయపదం ఇస్తే సరిపోదు, ప్రయోగసందర్భాన్ని కూడా నమోదు చేయాలి. నిమ్మళాన్ని ‘ప్రశాంతత’గా మార్చి రాసినప్పుడు అర్థం కొంత మిగులుతుంది గాని, దాని వెనుక తీరిన కష్టం కనబడకుండా పోతుంది.